పింగళి వారు: ఒక ఇంటిపేరు, నాలుగు పిలుపులు

(మచిలీపట్నంలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగానికి రికార్డింగు నుంచి ఎక్కించిన పాఠం. సభకు రాలేకపోయిన వారి కోసం.)

అధ్యక్షులకు, పెద్దలకు, వెనుక వరుసల్లో నిలబడి ఉన్న విద్యార్థులకు నమస్కారం. బాబూ, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఒక ఇంటిపేరు గురించి. ఒకే ఒక్క ఇంటిపేరు. పింగళి.

నేను తెలుగు పాఠాలు చెప్పినంత కాలం దాదాపు ప్రతి సంవత్సరమూ ఎవరో ఒక విద్యార్థి లేచి నన్ను ఒక ప్రశ్న అడిగేవాడు. కళాపూర్ణోదయం రాసిన పింగళి సూరన, జాతీయ పతాకం పింగళి వెంకయ్య గారు, మాయాబజార్ రాసిన పింగళి నాగేంద్రరావు గారు, వీళ్లందరూ ఒకే ఇంటివాళ్లా మాస్టారూ అని. ప్రశ్న సహజమైనది. మనం ఎవరినైనా కొత్తగా కలిస్తే మొదట పేరు అడుగుతాము, వెంటనే మీ ఇంటిపేరు ఏమిటండీ అంటాము, అది చెప్పగానే ఫలానా ఊళ్లో ఫలానా వారు మీకు ఏమవుతారని మొదలుపెడతాము. చుట్టరికం కలుపుకోవాలనే ఆ ఆరాటం మన జాతి లక్షణం, నాకు అందులో తప్పేమీ కనిపించదు. కానీ ఈ ప్రశ్నకు అవును అనో కాదు అనో ఒక్క మాటలో జవాబు చెప్పి కూర్చోబెడితే, దాని వెనుక ఉన్న పెద్ద విషయం పిల్లవాడికి అందకుండా పోతుంది. ఆ విషయం చెప్పడానికే ఈ రోజు వచ్చాను.

అసలు ఇంటిపేరు అంటే ఏమిటి? వృత్తిని బట్టి వచ్చినవి ఉన్నాయి, పూర్వులలో ఒకరి గుణాన్ని బట్టో బిరుదును బట్టో వచ్చినవి ఉన్నాయి. అయితే మన ఇళ్ల పేర్లలో ఎన్నో ఊళ్ల పేర్లే. కందుకూరి, గురజాడ, వేటూరి, సర్వేపల్లి, ఇవన్నీ ఊళ్లు. పింగళి కూడా ఊరే. సూరన పూర్వులు కృష్ణా మండలంలోని పింగళి గ్రామంలో ఉండేవారని మన కవుల చరిత్రలు రాసిన వారు చెప్పారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఒక మనిషికి తన ఊరి పేరు ఇంటిపేరుగా ఎప్పుడు వస్తుంది? ఆ ఊళ్లో ఉన్నప్పుడా? పింగళిలో ఉన్నంత కాలం ఎవరూ పింగళి వారు కారు. అక్కడ అందరిదీ ఆ ఊరే కదా, ఒకరిని ఇంకొకరి నుంచి వేరు చేయడానికి ఆ మాట పనికిరాదు. ఊరు విడిచి వేరే చోటికి చేరినప్పుడు, అక్కడి వాళ్లు వీళ్లెవరంటే పింగళి నుంచి వచ్చినవారు అని చెప్పుకున్నప్పుడు, అప్పుడు పుడుతుంది ఇంటిపేరు. అందుచేత ఊరి పేరున్న ప్రతి ఇంటిపేరులోనూ ఒక వలస దాగి ఉంటుంది. అది మనం ఎక్కడి వాళ్లమో చెప్పే మాట కంటే ఎక్కడి నుంచి బయలుదేరామో చెప్పే మాట. ఒకే ఊరి నుంచి సంబంధం లేని రెండు మూడు కుటుంబాలు వేర్వేరు కాలాల్లో బయలుదేరి ఉండవచ్చు, అందరికీ అదే పేరు వచ్చి ఉండవచ్చు. ఇంటిపేరు ఒకటే అయి గోత్రాలు వేరైన వారు, కులాలు కూడా వేరైన వారు మన చుట్టూ ఎంతమంది లేరు?

ఇప్పుడు మొదటి పింగళి దగ్గరికి వెళదాము. సూరన పదహారో శతాబ్దపు కవి. తండ్రి అమరన, తల్లి అబ్బమాంబ. అష్టదిగ్గజాలలో ఒకడని మనం చిన్నప్పటి నుంచీ చదువుకున్నాము. కానీ ఆయన కావ్యాలను అంకితం పొందిన వారిని చూస్తే, ఆయన కృష్ణదేవరాయల తరువాతి తరం వాడని సాహిత్య చరిత్రకారులు ఎక్కువమంది భావించారు. కళాపూర్ణోదయాన్ని నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చాడు. నంద్యాల దగ్గర కానాల అనే ఊళ్లో ఆయన సమాధి అని చూపించే చోటు ఒకటి ఉంది. చూశారా, కృష్ణా తీరపు ఊరి పేరు పెట్టుకున్న మనిషిని నల్లమల అవతలి సీమ తనవాడని చెప్పుకుంటోంది. ఇంటిపేరులో వలస ఉంటుందని నేను అన్నది ఇందుకే.

సూరన తన ఇంటిపేరును తానే ఎక్కడ చెప్పుకున్నాడు? కావ్యంలో ప్రతి ఆశ్వాసం, అంటే ప్రతి అధ్యాయం చివరా ఒక గద్యం ఉంటుంది. పరీక్షల కోసం చదివే పిల్లలు దాన్ని దాటేసి తరువాతి పుటకు వెళ్లిపోతారు, దయచేసి దాటవేయకండి. కళాపూర్ణోదయం ఆశ్వాసాంత గద్యంలో మొదట పింగళి అనే మాట వస్తుంది, తరువాత తండ్రి అమరనార్యుడి పేరు వస్తుంది, ఆ తరువాతే సూరయ అనే తన పేరు వస్తుంది. ఇల్లు, తండ్రి, తాను. ఆ వరుస చూడండి. మనిషి తనను తాను చివరన నిలబెట్టుకుంటున్నాడు. తెలుగువాళ్లం నేటికీ ఇంటిపేరును ముందు పెట్టి సొంత పేరును తరువాత పెట్టడంలో ఆ వరుసే కనిపిస్తుంది.

ఆయన ఇంకో కావ్యం ప్రభావతీ ప్రద్యుమ్నం. దాన్ని ఏ రాజుకూ ఇవ్వలేదు, తన తండ్రి అమరనకు అంకితం చేశాడు. కావ్యాన్ని రాజుకు గాని దేవుడికి గాని అంకితమివ్వడం ఆచారంగా ఉన్న కాలంలో ఒక కొడుకు కన్నతండ్రిని కృతిభర్తను చేశాడు. కృతిభర్త అంటే కావ్యాన్ని అంకితం పుచ్చుకున్నవాడని మీకు తెలుసు, అవతారికలో, అంటే కావ్యం తొలి భాగంలో, అతని వంశాన్ని వర్ణించాలి. అంటే తండ్రికి కావ్యమిచ్చిన నెపంతో సూరనకు తన ఇంటి చరిత్రనే కావ్యగౌరవంతో చెప్పుకునే అవకాశం దొరికింది. ఆ వంశంలో పూర్వుడైన గోంకన అనే మంత్రి ఇంట్లో పేకి అనే రాక్షసి దాసిగా పని చేసిందని ఒక కథ ప్రచారంలో ఉంది. రాక్షసిని పనిమనిషిగా పెట్టుకున్న ఇల్లు అని చెప్పుకోవడం వినడానికి మనకు వింతగా ఉంటుంది. కానీ ప్రతి వంశమూ తన మొదటి మనిషి చుట్టూ ఇలాంటి కథనొకదాన్ని నిలుపుకుంటుంది. మా అమ్మమ్మ మా పూర్వులలో ఒకాయన పులిని కళ్లతో చూసి ఆపేశాడని చెప్పేది, మీ ఇళ్లలోనూ ఇటువంటివి ఉండే ఉంటాయి.

సూరన గొప్పతనం వంశంలో లేదు, ఊహలో ఉంది. రాఘవపాండవీయంలో ఒకే పద్యం ఒక అర్థంలో రామాయణంగా, మరో అర్థంలో భారతంగా నడుస్తుంది. సంస్కృతంలో ఉన్న ఆ విద్యను తెలుగులో నాలుగు ఆశ్వాసాల కావ్యంగా సాధించడం మాటలతో అయ్యే పని కాదు, భాష ఎముకలు ఎక్కడ విరుగుతాయో, ఎక్కడ అతుక్కుంటాయో తెలిసినవాడికే అది సాధ్యం. ఇక కళాపూర్ణోదయం. అందులో ద్వారక ఉంది, కృష్ణుడు ఉన్నాడు, నారదుడు ఉన్నాడు, అయినా కథ ఏ పురాణంలోనూ లేదు. కలభాషిణి, మణికంధరుడు, మణిస్తంభుడు, సుముఖాసత్తి, వీళ్లను సూరన పుట్టించాడు. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1914లో వచ్చిన కవిత్వతత్త్వ విచారంలో ఈ కావ్యాన్ని పట్టి చూపించి, ప్రబంధాలంటే వర్ణనల పోగులు మాత్రమే అనుకుంటున్న పాఠకులకు కథాకల్పన అంటే ఏమిటో చెప్పారు. ఆ మాట ఇక్కడ గుర్తు పెట్టుకోండి, మళ్లీ ద్వారకకు రావలసి ఉంటుంది.

లోకం ఆయనను ఏమని పిలుస్తోంది? సూరన అని. ఇంటిపేరు లేకుండా సూరన అంటే చాలు.

రెండవ వారు ఈ జిల్లా వారే. కూచిపూడి దగ్గరి భట్లపెనుమర్రులో 1876 ఆగస్టు 2న పుట్టిన వెంకయ్య గారు. పందొమ్మిదేళ్ల వయసులో సైన్యంలో చేరి, దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి వెళ్లారు. గాంధీజీతో పరిచయం అక్కడే. తిరిగి వచ్చాక మునగాల సంస్థానంలో పత్తి మీద పరిశోధనలు చేశారు, కంబోడియా పత్తిని సాగు చేసి చూపించి పత్తి వెంకయ్య అనిపించుకున్నారు. జపాను భాష నేర్చి జపాన్ వెంకయ్య అనిపించుకున్నారు. వజ్రాల గనుల గురించి అధ్యయనం చేసి డైమండ్ వెంకయ్య అయ్యారు. చివరకు జెండా వెంకయ్య అయ్యారు. ఒక మనిషికి నాలుగు ఇంటిపేర్లు! నాలుగూ తాను చేసిన పనితో సంపాదించుకున్నవి. పుట్టుకతో వచ్చిన పింగళి అనే మాట ఆ పిలుపుల్లో ఒక్కదానిలోనూ లేదు, గమనించారా?

ఆయన 1916లో భారతదేశానికి ఒక జాతీయ పతాకం కావాలంటూ ముప్పై నమూనాలతో ఒక పుస్తకం అచ్చువేయించారు. తరువాత కాంగ్రెస్ సభ ఎక్కడ జరిగినా అక్కడికి వెళ్లి ఆ మాటే చెప్పేవారు. 1921లో మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. జలంధరుకు చెందిన లాలా హంసరాజ్ పతాకం మీద రాట్నం ఉండాలని సూచించారు, ఆ సూచన గాంధీజీ మనసుకు పట్టింది. బెజవాడలోనే వెంకయ్య గారిని పిలిచి, ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉండేటట్టు ఒక నమూనా గీసి ఇమ్మన్నారు. మూడు గంటల్లో పతాకం సిద్ధమైంది. ఈ మూడు గంటల మాట నేను కల్పించినది కాదు, 1921 ఏప్రిల్ 13 నాటి యంగ్ ఇండియాలో గాంధీజీ స్వయంగా రాసినది. పతాకం సమావేశంలో పెట్టడానికి కొంచెం ఆలస్యమైందని, అలా ఆలస్యం కావడమే మంచిదైందని, తరువాత ఆలోచిస్తే మిగిలిన మతాలకు కూడా అందులో చోటు ఉండాలని తోచిందని ఆయన రాశారు. తెల్లరంగు అలా వచ్చింది. 1931లో రంగులు కాషాయం, తెలుపు, ఆకుపచ్చగా మారాయి. 1947 జూలై 22న రాజ్యాంగ పరిషత్తు రాట్నం ఉన్న చోట అశోక చక్రాన్ని ఉంచి ఆమోదించింది. అన్ని చేతులు పడిన పతాకం అది. అయినా జెండా కావాలి, జెండా కావాలి అని ఏళ్ల తరబడి, వినేవారు లేని కాలంలో అడుగుతూ పోయిన మనిషి ఒకరున్నారు, ఆ మనిషి మనవారు.

ఆ వ్యాసంలో గాంధీజీ ఆయనను ఎలా పేర్కొన్నారో తెలుసా? మచిలీపట్నం జాతీయ కళాశాలకు చెందిన పి. వెంకయ్య అని. ఆ ఒక్క పొడి అక్షరం నన్ను చాలా కాలం బాధపెట్టింది. గాంధీజీని తప్పుపట్టడం లేదు, ఆ రోజుల్లో అందరూ అలాగే రాసేవారు. కానీ ఇంగ్లీషు చదువులతో పాటు మన ఇంటిపేరు ఒక అక్షరానికి కుదించుకుపోయింది. పి. అంటే పింగళి కావచ్చు, పోలవరపు కావచ్చు, పసుమర్తి కావచ్చు. పాఠశాల హాజరు పట్టీలో సగం మంది పిల్లల ఇంటిపేర్లు నాకు అక్షరాలుగానే కనిపించేవి. అందుకే కొత్త సంవత్సరం మొదటి రోజున ప్రతి పిల్లవాడినీ లేపి ఇంటిపేరు పూర్తిగా చెప్పించేవాడిని, అది ఏ ఊరో, ఏ పనో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రమ్మనేవాడిని. ఆడపిల్లలను అమ్మ పుట్టింటి పేరు కూడా అడిగి రమ్మనేవాడిని. ఎందుకంటే అది పెళ్లితో మాయమైపోతుంది, ఆ తరువాత ఎక్కడా రాయరు. సూరన తల్లి అబ్బమాంబ అని మనకు తెలుసు. కానీ ఆమె పుట్టింటి పేరు చెప్పమంటే మీలో ఎందరు చెప్పగలరు?

అయితే ఆ వాక్యంలోనే మరో మాట ఉంది, మచిలీపట్నం జాతీయ కళాశాల. ఇంటిపేరు ఒక అక్షరమై పోయినా ఊరి పేరు పూర్తిగా మిగిలింది. మీ ఊరి పేరు. 1910లో కోపల్లె హనుమంతరావు గారు, పట్టాభి సీతారామయ్య గారు, ముట్నూరి కృష్ణారావు గారు నిలబెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల అది. వెంకయ్య గారు అక్కడ అధ్యాపకులు. పింగళి వారందరూ ఒకే ఇంటివారా అని అడిగే పిల్లలకు నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆధునిక కాలపు ముగ్గురు పింగళి వారికీ ఉమ్మడి గడప ఏదని అడగండి. అది బందరు, మన మచిలీపట్నం.

చూడండి, మూడవ వారు పింగళి లక్ష్మీకాంతం గారు, 1894లో ఈ జిల్లాలోనే పుట్టారు. బందరులో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారి శిష్యులు. వెంకటశాస్త్రి గారు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా ఉన్నప్పుడు ఆయన చుట్టూ చేరిన శిష్యులలో విశ్వనాథ సత్యనారాయణ గారు ఒకరు, కాటూరి వెంకటేశ్వరరావు గారు ఒకరు. లక్ష్మీకాంతం గారు, కాటూరి వారు జంటగా కవిత్వం రాశారు. సంస్కృత కవి అశ్వఘోషుడి కథను తీసుకుని వాళ్లు రాసిన సౌందరనందం గురువుగారికి అంకితమైంది. నందుడు, సుందరి, బుద్ధుడు, ఆ ముగ్గురి మధ్య ప్రేమకూ వైరాగ్యానికీ జరిగే లాగులాటను ఆ కావ్యంలో చదివినవాడు మరిచిపోలేడు.

జంట పేరు గురించి ఒక మాట. తిరుపతి వేంకట కవులు అంటే తిరుపతి శాస్త్రి గారు, వెంకటశాస్త్రి గారు, రెండూ సొంత పేర్లు. వేంకట పార్వతీశ కవులు కూడా అంతే. మరి ఆ గురువు శిష్యులు? పింగళి కాటూరి కవులు. ఇక్కడ రెండూ ఇంటిపేర్లే! ఆశ్వాసాంత గద్యంలో సూరనకు ముందు నిలబడిన మాట, ఒక తరం కాలంలో పత్రికల్లోకి వచ్చేసరికి పొడి అక్షరమైపోయిన మాట, ఇక్కడ మళ్లీ నిండుగా నిలబడి ఒక కవి పేరే అయింది. లక్ష్మీకాంతం గారు 1931 నుంచి చాలా ఏళ్లు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించారు, ఆ తరువాత విజయవాడ ఆకాశవాణిలో పనిచేశారు. ఆంధ్ర సాహిత్య చరిత్ర రాశారు. ఒక పింగళి వారు తెలుగు సాహిత్య చరిత్ర రాస్తూ మరో పింగళి వారిని తూచవలసి రావడం ఎంత అరుదైన సందర్భమో ఆలోచించండి.

నాలుగవ వారి పేరు చెప్పేలోపే మీ ముఖాలు వెలుగుతున్నాయి. నాగేంద్రరావు గారు 1901 డిసెంబరు 29న బొబ్బిలి దగ్గరి రాజాంలో పుట్టారు. పెరిగింది బందరులో. నాటకాలు రాసింది కూడా ఇక్కడి నాటక సమాజం కోసమే. వింధ్యరాణి, జేబున్నీసా, నా రాజు, ఇవన్నీ సినిమాకు ముందు ఆయన కలం నుంచి వచ్చిన నాటకాలు. తరువాత మద్రాసుకు వెళ్లారు. 1949లో గుణసుందరి కథ, 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్, 1961లో జగదేకవీరుని కథ. ఆయన మాటలు మనం రాసినవాడెవరో తెలియకుండానే వాడుతున్నాము. డింభకా అని పిల్లవాడిని ముద్దుగా పిలిచే తాతకు అది ఎక్కడి మాటో గుర్తుండకపోవచ్చు. అసమదీయులు, తసమదీయులు అని రాజకీయ వార్తలు రాసేవారు ఇవాళ కూడా రాస్తారు.

ఇప్పుడు ద్వారకకు రండి. మాయాబజార్ నాయిక శశిరేఖ వ్యాసభారతంలో లేదు. ఆ కథ మన జానపదుల నోట, నాటకాల వారి నోట పెరిగి, నాగేంద్రరావు గారి చేతిలో ఆ రూపానికి వచ్చింది. అక్కడ కృష్ణుడున్నాడు, ద్వారక ఉంది, కానీ ఆ ద్వారకలో నడిచే మనుషులు పురాణం నుంచి కాక ఊహ నుంచి వచ్చారు. నాలుగు వందల ఏళ్ల ముందు సూరన చేసినది ఏమిటి? కళాపూర్ణోదయంలో కలభాషిణి ఇల్లు ఉన్నది ద్వారకలోనే. ప్రభావతీ ప్రద్యుమ్నంలో నాయకుడు ద్వారక రాకుమారుడే. పవిత్రమైన ఊరి పేరు పెట్టుకుని, అందులో సొంత మనుషులను కాపురం పెట్టించడం ఇద్దరూ చేశారు. ఇది రక్తంలో వచ్చిందని నేను అనను, అలా అంటే ఇద్దరి శ్రమకూ అన్యాయం చేసినట్లవుతుంది. తెలుగువాడికి కృష్ణుడంటే ఉన్న చనువు అది. ఆ చనువును ఇద్దరూ చివరి వరకూ వాడుకున్నారు.

ఈయనను లోకం ఏమని పిలిచింది? ఒక్క మాట, పింగళి. సినిమా తెర మీద మాటలు, పాటలు ఎవరివని అడిగితే పింగళి అంటారు. సూరనకు సొంత పేరు చాలింది, వెంకయ్య గారికి జెండా ఇంటిపేరయింది, లక్ష్మీకాంతం గారికి ఇంటిపేరు జంటలో సగమైంది, నాగేంద్రరావు గారికి ఇంటిపేరే మొత్తం పేరయింది. ఒకే మాటను మన ప్రజలు నలుగురి విషయంలో నాలుగు రకాలుగా వాడారు. తగిలించిన దానినీ, తీసేసిన దానినీ చూస్తే, ఎవరిని ఎందుకు గుర్తుంచుకున్నారో అర్థమవుతుంది.

లక్ష్మీకాంతం గారు 1972లో, నాగేంద్రరావు గారు 1971లో కన్నుమూశారు. వెంకయ్య గారు వారికంటే ముందే, 1963 జూలై 4న, విజయవాడలో పేదరికంలో పోయారు. ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది 2009లో. నలభై ఆరేళ్లు పట్టింది. ఈ లెక్క నేను ప్రతి సభలోనూ చెబుతాను, ఇక్కడా చెబుతున్నాను, ఎందుకంటే ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో అడగని వాళ్లం మనమే.

పింగళి వారు ఈ నలుగురే కారు. ఎన్‌కౌంటర్ పత్రిక నడిపి 1985లో విజయవాడలో హత్యకు గురైన పింగళి దశరథరామ్ గారి పేరు ఈ సభలో పెద్దవారికి గుర్తుంది. 2016లో తెలుగుకు కేంద్ర సాహిత్య అకాడెమీ యువ పురస్కారం అందుకున్న పుస్తకం చిట్టగాంగ్ విప్లవ వనితలు. బ్రిటిషువారి మీద ఆయుధం పట్టిన బెంగాలీ ఆడపిల్లల కథలవి. ఆ పుస్తకం అట్ట మీద రచయిత్రి పేరు చైతన్య పింగళి. సూరన గద్యంలో అన్నిటికంటే ముందున్న మాట ఇక్కడ చివరకు వచ్చింది, ఆమె పేరు ముందుకు వచ్చింది. విద్యార్థులు వెళ్లేముందు ఇక్కడి బల్ల మీద పెట్టిన కళాపూర్ణోదయం ప్రతిని ఒకసారి తెరిచి, మొదటి ఆశ్వాసం చివరి గద్యం చదివి వెళ్లండి. నేను ఇక్కడే ఉంటాను, అర్థం కాని సమాసాలు ఉంటే కలిసి విడదీద్దాము.